బూట్‌స్ట్రాప్ గ్రిడ్ నుంచి సీఎస్ఎస్ గ్రిడ్‌కి: బరంపురం నుంచి ఒక సమీక్ష

బరంపురంలో పట్టుచీరల కొట్లకీ, అప్పడాలూ పచ్చళ్లూ అమ్మేవాళ్లకీ వెబ్‌సైట్లు చేస్తుంటాను. ఇక్కడ పేజీ ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింట్లోనూ ఉండాలి. పేజీని కాలమ్‌లుగా అమర్చడానికి బూట్‌స్ట్రాప్ అనే రెడీమేడ్ కోడ్‌లోని గ్రిడ్ వాడేవాణ్ని. ఆ మూడు భాషల గొడవే నన్ను దాని నుంచి బ్రౌజర్‌లోనే ఉండే సీఎస్ఎస్ గ్రిడ్ వైపు కదిలించింది.

2015లో బూట్‌స్ట్రాప్ మూడో వెర్షన్‌తో మొదలుపెట్టాను. అప్పట్లో అంతా ఫ్లోట్లే, అంటే పెట్టెల్ని ఒక పక్కకి జరిపి వరుసగా పేర్చడం. ఒక కార్డు (ఒక్కో చీరని చూపే పెట్టె) కాస్త పొడుగైతే కింది వరుస కార్డు దానికి తట్టుకుని ఆగిపోయేది, పక్కన ఖాళీ. 2018లో నాలుగో వెర్షన్ ఫ్లెక్స్‌బాక్స్‌కి (వరుసలోని పెట్టెల్ని సమంగా సర్దే పద్ధతి) మారాక ఆ పీడ విరగడైంది. పేజీ వెడల్పుని పంచే పన్నెండు కాలమ్‌ల లెక్క మాత్రం నాకు ఎప్పుడూ నచ్చింది. రెండుకీ, మూడుకీ, నాలుగుకీ, ఆరుకీ భాగం పోతుంది.

చిక్కంతా కార్డు లోపలే. చీర పేరు ఇంగ్లీషులో ఒక లైను, తెలుగులో మూడు. బయటి పెట్టెలు సమంగానే ఉన్నా లోపలి నేత వివరం ఒక్కో కార్డులో ఒక్కో ఎత్తులో. ధరని మార్జిన్‌తో (బయట వదిలే ఖాళీ) అడుక్కి నెట్టాను. అది సర్దుకుంది గానీ మధ్యలోది వేలాడుతూనే ఉంది. కొట్టు ఆయన చూసి, "ఇదేంటి బాబూ, మెట్లలా ఉంది?" అన్నారు. దీనికి సరైన మందు సీఎస్ఎస్ గ్రిడ్‌లోని సబ్‌గ్రిడ్. కార్డు తన లోపలి అడ్డవరుసల్ని బయటి గ్రిడ్ నుంచే తీసుకుంటుంది కాబట్టి పక్కపక్క కార్డుల్లో పేరు, నేత, ధర ఒకే గీత మీద నిలుస్తాయి. 2019లోనే ఫైర్‌ఫాక్స్‌లో వచ్చింది. మా కస్టమర్ల చేతుల్లో ఉండేది క్రోమ్, అందులో 2023 సెప్టెంబర్‌లో గానీ రాలేదు. పాత ఫోన్ల కోసం ఇప్పటికీ సపోర్ట్స్ రూల్ (బ్రౌజర్‌కి సబ్‌గ్రిడ్ తెలిస్తేనే వాడమని చెప్పేది) ఒకటి రాసి పెడతాను.

సీఎస్ఎస్ గ్రిడ్ కూడా నన్ను ఏడిపించింది. కొట్టులో కుర్రాడు "పెళ్లికూతురిపట్టుచీరలు" అని ఖాళీ లేకుండా టైపు చేశాడు. ఫోన్‌లో ఒక కాలమ్ ఉబ్బి రెండోదాన్ని నొక్కేసింది. రెండు కాలమ్‌లకీ 1ఎఫ్ఆర్ (ఒక్కో వాటా) అని వెడల్పు ఇచ్చాను, అంటే సగం సగం అనుకున్నాను. లోపలి మాట పట్టనంత చిన్నదిగా అది తగ్గదట! కనీస, గరిష్ఠ వెడల్పులు చెప్పే మిన్‌మ్యాక్స్‌లో కనీసంగా సున్నా పెట్టి, పొడుగు మాట విరిగేలా ఓవర్‌ఫ్లో-ర్యాప్ రాస్తే దారికొచ్చింది. ఇంకోసారి స్టాకులో రెండే చీరలు మిగిలితే పట్టినన్ని కాలమ్‌లు వేసే ఆటో-ఫిట్, ఖాళీ కాలమ్‌ల్ని మూసేసి ఆ రెంటినీ పేజీ వెడల్పంతా సాగదీసింది. ఖాళీ కాలమ్‌ల్ని అలాగే ఉంచే ఆటో-ఫిల్‌కి మార్చాను, అంతే.

బూట్‌స్ట్రాప్‌ని మాత్రం తీసేయలేదు. ఆర్డర్ ఫారం, అడ్మిన్ పేజీ ఇప్పటికీ ఐదో వెర్షన్ మీదే నడుస్తున్నాయి. అక్కడ పన్నెండు కాలమ్‌లు చాలు, నా తర్వాత చూసేవాడికీ తెలిసినవే. చీరల పేజీకి మాత్రం మళ్లీ వాడను.