ఆర్‌సింక్, టైమ్‌షిఫ్ట్, బోర్గ్: లినక్స్‌లో బ్యాకప్‌కి ఏది మేలు?

లెక్కల ఫైల్లో పొరపాటున సగం వరుసలు చెరిపేసి సేవ్ చేశాను. ఆ సంగతి మూడు రోజులకు గాని గమనించలేదు. బ్యాకప్ ఉందిగా అని డిస్క్ తగిలించి చూస్తే అక్కడా సగమే ఉంది. రోజూ రాత్రి నడిచే ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్ పాడైన ఫైల్‌నే మంచి కాపీ మీద రాసేసింది.

తప్పు ఆర్‌సింక్‌ది కాదు. 1996లో వచ్చిన ఈ ప్రోగ్రామ్ ఇప్పటికీ నాకు ఇష్టం. మారిన ఫైళ్లనే పంపుతుంది. నెట్‌వర్క్ మీదైతే ఫైల్లో మారిన ముక్కలే వెళ్తాయి. అటువైపు ఉండేవి మామూలు ఫోల్డర్లే కాబట్టి వెనక్కి తెచ్చుకోవడానికి ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. కానీ అది ఇచ్చేది నేటి ప్రతి మాత్రమే, నిన్నటిది కాదు. ఇంకో చిక్కు స్లాష్‌తో. సోర్స్ ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెడితే లోపలివి మాత్రమే వెళ్తాయి, పెట్టకపోతే ఫోల్డరే వెళ్తుంది. ఇటు లేని ఫైళ్లను అటు కూడా చెరిపేసే డిలీట్ ఆప్షన్ పెట్టి ఇక్కడ పొరపడితే అటువైపున్న మిగతా ఫోల్డర్లన్నీ ఊడ్చుకుపోతాయి. ముందు డ్రై రన్ చేసి, అంటే ఏదీ మార్చకుండా ఏం జరగబోతోందో మాత్రమే చూపించమని, చూడండి.

టైమ్‌షిఫ్ట్‌ని మిగతా రెండింటితో పోల్చడమే సరికాదు. అది సిస్టమ్ ఫైళ్ల పాత స్థితిని దాచి, అవసరమైతే వెనక్కి తెచ్చేది. అప్‌డేట్ వికటించి సిస్టమ్ బూట్ కాకపోతే నిమిషాల్లో గట్టెక్కిస్తుంది. మన సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌ని మాత్రం, మనం చెబితే తప్ప, ముట్టుకోదు.

నాకు కావలసింది బోర్గ్‌లో దొరికింది. ఇది 2015లో అటిక్ అనే ప్రోగ్రామ్ నుంచి చీలి వచ్చింది. ఫైళ్లను ముక్కలుగా చూసి, ఇదివరకే ఉన్న ముక్కను మళ్లీ దాచదు. అందుకే ఏడు రోజులవి, నాలుగు వారాలవి, ఆరు నెలలవి ఉంచమన్నా డిస్క్ అంతగా నిండదు. ఏ తేదీ ప్రతినైనా మౌంట్ చేసి, అంటే మామూలు ఫోల్డర్‌లా తెరిచి, కావలసిన ఒక్క ఫైల్ తీసుకోవచ్చు. ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే మాత్రం పాస్‌ఫ్రేజ్ పోయిందంటే బ్యాకప్ మొత్తం పోయినట్టే. కాగితం మీద రాసి వేరేచోట పెట్టండి. నేరుగా క్లౌడ్‌కే పంపాలంటే రెస్టిక్ అనే ప్రోగ్రామ్ చూడండి, పద్ధతి దాదాపు ఇదే.

నా మాట అడిగితే, రోజూ మారే పత్రాలకు బోర్గే మేలు. ఒకసారి తీశాక మారని ఫొటోలు, వీడియోలకు డిలీట్ లేని ఆర్‌సింక్ చాలు. ఇప్పుడు నెలకోసారి ఏదో ఒక పాత తేదీ నుంచి ఆ లెక్కల ఫైల్ బయటికి తీసి, వరుసలన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటున్నాను.