కర్ర బాగుంది, లాకే ముంచింది

ఈ ట్రెకింగ్ పోల్స్, అంటే కొండల్లో నడిచేటప్పుడు పట్టుకునే కర్రల, బరువెంత, ధరెంత అన్నవి ఇక్కడ రాయను. అవన్నీ అమ్మే చోటే ఉంటాయి. అల్యూమినియం గొట్టాలు, ఒకదాంట్లో ఒకటి దూరే మూడు ముక్కలు, కార్క్ పిడి, ఆ ముక్కల్ని తిప్పి బిగించే ట్విస్ట్ లాక్. ఈ చివరిదాని గురించే నా గోలంతా. మిగతా కర్ర నాకు ఇష్టమే, ఇప్పటికీ వాడుతున్నాను. ఆ లాక్ పేరెత్తితే చాలు, మా ఇంట్లోవాళ్లు టాపిక్ మార్చేస్తున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది విశాఖపట్నం. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడిచి రావాలని స్నేహితులం కొందరం అనుకుని, దానికోసం ఆదివారాలు కొండలెక్కడం మొదలుపెట్టాం. కంబాలకొండ, సింహాచలం మెట్లు, కైలాసగిరి, సెలవు దొరికితే పాడేరు వైపు. నడక మొదలయ్యే లుక్లా నుంచి రానూపోనూ సుమారు 130 కిలోమీటర్లు నడవాలి. ఎత్తు చూసి అందరూ ఎక్కడం గురించే టెన్షన్ పడతారు గానీ ఆ దారి తిన్నగా పైకి పోదు. దారిలో వచ్చే ఊరు నామ్చే 3,440 మీటర్ల ఎత్తులో ఉంటుంది, దాని తర్వాత వచ్చే తెంగ్‌బోచే 3,860. తేడా 420 మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మధ్యలో నది దాకా దిగిపోయి, అక్కణ్నుంచి మళ్లీ 600 మీటర్లు ఎక్కాలి. ఎక్కేటప్పుడు ఊపిరి పోతుంది, దిగేటప్పుడు మోకాళ్లు పోతాయి. ఊపిరైతే కాసేపు కూర్చుంటే తిరిగొస్తుంది.

అందుకని మా ప్రాక్టీసంతా దిగడం మీదే పెట్టాం. బ్యాగులో నీళ్ల సీసాలు నింపుకుని ఎక్కి, పైకెళ్లాక నీళ్లు పారబోసి తేలిగ్గా దిగేవాళ్లు చాలామంది ఉన్నారు. మోకాళ్లకి అది మంచిదే. మేం పారబోయకుండా, మెల్లమెల్లగా బరువు పెంచుకుంటూ, ఆ బరువుతోనే దిగేవాళ్లం. తొడల ముందుభాగం పట్టేసేది. ఆదివారం దిగితే సోమవారం కంటే మంగళవారం ఎక్కువ నొప్పి. ఆఫీసులో రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి మెట్లు దిగుతుంటే వాచ్‌మన్ వచ్చి "ఏటయింది సార్?" అని అడిగాడు. పోల్స్ కొన్నది ఆ రోజుల్లోనే.

మొదటి వారమే తేడా తెలిసింది. దిగేటప్పుడు కర్ర పొడవు కాస్త పెంచి, కాలికంటే ముందు కర్ర మోపి, బరువు కొంత చేతుల మీదికి తీసుకుంటే మోకాలి మీద పడే దెబ్బ తగ్గుతుంది. పిడికి ఉండే పట్టీలోకి చెయ్యి కింది నుంచి దూర్చి, పట్టీతో కలిపి పిడి పట్టుకోవాలి. అప్పుడు వేళ్లు బిగించక్కర్లేదు, మణికట్టు దగ్గర పట్టీయే బరువు మోస్తుంది. కార్క్ పిడి మన ఉక్కపోతకి బాగా సరిపోయింది, చెమట పట్టినా జారదు. మావాడొకడి ఫోమ్ పిడి కొన్నాళ్లకే కంపు కొట్టడం మొదలుపెట్టింది. ఆ సంతోషంలో గ్రూపులో అందరితోనూ ఇవే కొనమని చెప్పాను. ఇద్దరు కొన్నారు కూడా.

ఇక వంజంగి. పాడేరు దగ్గర, మబ్బులు చూడటానికి జనం తెల్లారకముందే ఎక్కే కొండ. చలికాలం. వాన లేదు గానీ మంచుకి గడ్డీ రాళ్లూ అన్నీ తడిసి ఉన్నాయి. బాగానే ఎక్కాం, మబ్బులు చూశాం, ఫొటోలయ్యాయి. దిగేటప్పుడు ఒకచోట మోకాలెత్తు రాయి. కుడి కర్ర కింద మోపి, దాని మీద బరువు వేసి, కాలు కిందికి జారుస్తున్నాను. కాలింకా నేలకి ఆనలేదు. కర్ర చప్పుడు లేకుండా తనలోకి తానే దిగిపోయింది. కర్ర విరిగితే ఫట్‌మంటుంది, మొన జారితే రాయి గీసుకుంటుంది, మనకి ఒక్క క్షణమైనా తెలుస్తుంది. దీనికి ఆ క్షణం కూడా లేదు. చేతి కింద గట్టిగా ఉన్నది ఉన్నట్టుండి లేకుండా పోయింది. కుడివైపుకి పడ్డాను. మోచేయి దోక్కుపోయింది, పక్కటెముకలకి రాయి తగిలింది. వెనకొస్తున్న మావాడు పరిగెత్తుకొచ్చి నన్ను లేపి, దుమ్ము దులిపి, చేతిలో కర్ర చూసి "ఇదేటి గురూ, పొట్టిదైపోయింది?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వితే పక్కటెముకలు నొప్పి.

అసలు తంటా లేచాక మొదలైంది. కింది ముక్క లాగి ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది, పట్టడం లేదు. ఈ రకం లాక్ లోపల చిన్న ప్లాస్టిక్ బిరడా ఒకటుంటుంది, దాని మధ్యలో మర. తిప్పితే ఆ మర బిరడాని వెడల్పు చేస్తుంది, బిరడా పై గొట్టం లోపలి గోడని ఒత్తి పట్టుకుంటుంది. పట్టంతా రాపిడి మీదే. లోపల తడి చేరినా, దుమ్ము చేరినా, ప్లాస్టిక్ అరిగినా ఆ పట్టు తగ్గుతుంది. బొత్తిగా పోయిందంటే బిరడా కూడా మరతోపాటే తిరిగేస్తుంది, ఇక బిగించే దారే ఉండదు. ఇదంతా గొట్టం లోపల జరుగుతుంది కాబట్టి బయటికేమీ కనపడదు. ఆ పొద్దున నేను తిప్పి చూసినప్పుడు చేతికి గట్టిగానే తగిలింది. నాకు ఒళ్లుమండేది అక్కడే.

ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో ఉన్న ప్లాస్టర్‌ని రెండు ముక్కలూ కలిసే చోట పైనుంచి కిందికి గట్టిగా చుట్టి, ఊరికే బ్యాలెన్స్ కోసం పట్టుకుని మిగతా కొండ దిగాను. బరువు వేసే ధైర్యం మళ్లీ రాలేదు.

ఇంటికొచ్చి విప్పితే గొట్టం లోపల తెల్లటి పొడి. తేమకీ ఉప్పుగాలికీ అల్యూమినియం మీద పట్టేది. మా ఇల్లు సముద్రానికి దగ్గర, కిటికీ గొళ్లాలే ఊరికే పాడైపోతుంటాయి. పొడిగుడ్డతో తుడిచి, ఒకపూట ఆరబెట్టి బిగిస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ పట్టింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, వాడిన ప్రతిసారీ ముక్కలు విడదీసి ఆరబెట్టాలి సార్, ఇది వారంటీలోకి రాదు అన్నారు. మంచి అలవాటే, కాదనను. కానీ కర్ర తడిసింది ఆ కొండ మీదే, దిగబడింది ఆ కొండ మీదే, మధ్యలో రెండు మూడు గంటలు కూడా లేవు. ఎక్కడ ఆరబెట్టమంటారు?

అప్పట్నుంచీ వాళ్లు చెప్పినట్టే చేస్తున్నాను. అయినా తర్వాతి వానాకాలంలో కథ అడ్డం తిరిగింది. ఈసారి జారడం లేదు, అసలు విడిపోవడం లేదు. రెండు చివర్లకీ పాత సైకిల్ ట్యూబ్ ముక్కలు చుట్టి, నేనొక వైపు మా ఆవిడొక వైపు పట్టుకుని మెలిపెడితే గానీ ఊడలేదు. "కొండెక్కడానికి కొన్నారా, నాతో కుస్తీ పట్టడానికి కొన్నారా?" అంది.

బేస్ క్యాంప్‌కి వీటిని తీసుకెళ్లలేదు. ఖాట్మండులో థమేల్ వీధుల్లో లివర్ లాక్ ఉన్న జత అద్దెకి తీసుకున్నాను. గొట్టం బయట చిన్న పట్టు, దానికో మీట, మూస్తే టక్కుమంటుంది. వదులైతే మూసేటప్పుడే వేలికి తెలిసిపోతుంది, పక్కనున్న చిన్న మర కాస్త బిగిస్తే సరి. గ్లవ్స్ తొడుక్కున్న చేత్తోనూ పని జరుగుతుంది. అలాగని వాటికి వంక లేదని కాదు. ఆ మర నడకకి అదే వదులవుతుంది, రోజూ పొద్దున చూసుకోవాలి. వేలాడే వంతెనల మీద ఇనపజాలీ సందుల్లో మొన ఇరుక్కుంటుంది, ఏ లాక్ ఉన్నా అక్కడ కర్రలు చేత్తో పట్టుకుని దాటాల్సిందే. 4,000 మీటర్లు దాటాక వచ్చే తలనొప్పికి ఏ కర్రా పనికిరాదు, మా సింహాచలం మెట్లూ పనికిరాలేదు. అక్కడ మెల్లగా నడవడం, ఆగాల్సిన చోట ఆగడం తప్ప వేరే మందు లేదు.

మోకాళ్ల నొప్పి పోల్స్ వల్లే పోయిందని అప్పట్లో అందరికీ చెప్పాను. ఆ నెలల్లోనే మెట్టు మీద ఒంటికాలితో మెల్లగా దిగే వ్యాయామం కూడా చేశాం, నేను కాస్త బరువు కూడా తగ్గాను. దేనివల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పడం కష్టం. కర్రలకి సగం మార్కులు వేస్తాను.

నా మాట విని ఇవే కొన్న స్నేహితురాలు తర్వాత హైదరాబాద్ వెళ్లిపోయింది. సన్నటి మనిషి. ఆమె జత ఇంతవరకు ఒక్కసారీ జారలేదట, నేను లేనిపోనిది చెప్తున్నానంటుంది. నేను ఎనభై కిలోల పైమాటే, దిగేటప్పుడు కర్ర మీద బాగా వాలే అలవాటు కూడా ఉంది. కాబట్టి నా అనుభవం మీకు వర్తించకపోవచ్చు. ఇవి ఇప్పుడు కంబాలకొండకి, అదీ ఎండ రోజుల్లో వాడుతున్నాను. దిగడం మొదలుపెట్టేముందు చదును నేల మీద ఒక్కోదాన్నీ ఒంటి బరువంతా వేసి నొక్కి చూస్తాను. సింహాచలం గిరి ప్రదక్షిణకి మాత్రం ఎవరూ పోల్స్ తీసుకెళ్లకండి. 32 కిలోమీటర్ల నడక కాబట్టి ప్రాక్టీసుకి భలే ఉంటుంది గానీ, అంత జనంలో చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తారు, మీ కర్ర మొన ఎవరి పాదం మీద పడుతుందో తెలీదు.

మళ్లీ కొనాల్సివస్తే ధర కాస్త ఎక్కువైనా లివర్ లాకే కొంటాను, పిడి మాత్రం ఇలాంటి కార్క్‌దే వెతుక్కుంటాను. పొడి ఊళ్లో ఉంటూ, కర్రని బ్యాలెన్స్ కోసమే పట్టుకునేవాళ్లయితే ఇవీ చూడొచ్చు. కొంటే గనక షాపులోనే పూర్తి పొడవు లాగి, బిగించి, మీ బరువంతా వేసి నొక్కండి. షాపువాడు ఏమైనా అనుకోనివ్వండి.