బెరడు కోసం జాగిన్స్, మొదళ్ల కోసం గ్లాస్గో

విత్తనాలు లేకుండా సిద్ధబీజాలతోనే పెరిగిన బొగ్గు యుగపు మహావృక్షాల బెరడు రాయిలో చూడాలనుకుంటే, ముందు కెనడాలోని జాగిన్స్‌కి వెళ్లండి. నోవా స్కోషియా తీరంలోని ఈ కొండచరియల్లో సుమారు 31 కోట్ల ఏళ్ల నాటి చెట్లు పెరిగిన చోటే నిలువునా ఉన్నాయి. ఈ చోటు 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఇక్కడ అన్నీ సముద్రం చెప్పినట్టే జరగాలి. ఫండీ అఖాతంలో పోటుకీ ఆటుకీ నీటిమట్టం తేడా పది మీటర్లు దాటుతుంది. పోటు వేళ నీళ్లు చరియని తాకుతాయి, నడిచే చోటే ఉండదు. అందుకే గది బుక్ చేసేముందే ప్రభుత్వ టైడ్ టేబుల్ (పోటు, ఆటు వేళల పట్టిక) చూసుకోండి. నీరు తీస్తుండగా దిగి, పూర్తిగా తీసే వేళకి వెనక్కి మళ్లాలి. ఆటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. నాచు పట్టిన రాళ్లమీద చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లు కావాలి. చరియ కిందకి మాత్రం వెళ్లొద్దు, రాళ్లు ఊడిపడుతూనే ఉంటాయి. కొత్త చెట్లు బయటపడేదీ అలాగే.

చరియలు పడమటి వైపు చూస్తాయి. సాయంత్రపు ఏటవాలు ఎండలోనే బెరడు గీతలు తేలతాయి. మిట్టమధ్యాహ్నం చదునైన రాయిలా కనిపిస్తుంది. వజ్రాకారపు గళ్లు మెలిక తిరుగుతూ పైకెక్కితే అది లెపిడోడెండ్రాన్. నిలువు గట్లమీద మచ్చలు ఒకదాని కింద ఒకటి దిగితే సిజిలేరియా. గట్లుండి మధ్యమధ్య వెదురులా కణుపులుంటే కాలమైటిస్, అది వేరే వంశం. చరియకి దూరంగా పడిన ముక్క కనిపిస్తే, లెపిడోడెండ్రాన్ గడిలో ఆకు రాలిన మచ్చని భూతద్దంతో చూడండి: వరుసగా మూడు చుక్కలు. నడిమిది ఆకుకి నీరు మోసిన నాళం, పక్కవి గాలి కణజాలం. పైపొర బొగ్గు రేకులా రాలిపోతే చుక్కలూ పోతాయి, చాలామంది దాన్ని మరో చెట్టనుకుంటారు.

మన సింగరేణి బొగ్గులో ఈ బెరడు కోసం వెతకొద్దు. అది తర్వాతి కాలపు గ్లాసోప్టెరిస్ అడవులది, అవి విత్తనాల చెట్లు.

అనుమతి లేకుండా శిలాజం ఏరడం చట్టవిరుద్ధం. పక్కన నాణెం పెట్టి ఫొటో తీసుకుంటే కొలతా తెలుస్తుంది. అక్కడి ఫాసిల్ సెంటర్ గైడ్ టూర్‌కి పెట్టే డబ్బు దండగ కాదు, ఈ సీజన్‌లో ఏ చెట్టు ఎక్కడ బయటపడిందో వాళ్లకే తెలుసు. చలికాలం సెంటర్ మూసేస్తారు.

జాగిన్స్ చిన్న ఊరు. బసకి అరగంట దూరంలోని ఆమ్‌హర్స్ట్ మేలు. మన తిండి కావాలంటే మాంక్టన్‌లో దిగండి. హాలిఫాక్స్ నుంచి జాగిన్స్‌కి రెండున్నర గంటల డ్రైవ్. ఆటు పొద్దున్నే ఉంటే అదే రోజు వచ్చి అందుకోవడం కష్టం. సొంత కారో అద్దె కారో తప్పనిసరి.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విక్టోరియా పార్కులో ఉన్న ఫాసిల్ గ్రోవ్‌కి ఈ బాధలేవీ లేవు. 1887లో పాత క్వారీలో దారి వేస్తుంటే బయటపడిన 11 చెట్ల మొదళ్లు కప్పు కిందే ఉన్నాయి, ప్రవేశం ఉచితం. అయితే అవి బోలు మానులో ఇసుక నిండి గట్టిపడ్డ అచ్చులు. వేర్లు విచ్చుకున్న తీరు అద్భుతంగా కనిపిస్తుంది, వజ్రాల బెరడు కనిపించదు. తెరిచే రోజులు తక్కువ, తేదీ చూసుకున్నాకే బయల్దేరండి.