ఇత్తడి నిపుల్ పెట్టిన చిచ్చు: క్యూప్రిసోర్బ్‌తో ఏడాదిన్నర

మాది విశాఖ. ఇంట్లో 4 అడుగుల ఉప్పునీటి చేపల ట్యాంక్ ఉంది, కింద సంప్‌తో (ఫిల్టర్, పంపు ఉండే రెండో తొట్టి) కలిపి 300 లీటర్లు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "సముద్రం పక్కనే ఉందిగా, రెండు బిందెలు తెచ్చి పోసుకోవచ్చుగా" అంటారు. ఊరి మురుగు, హార్బర్ నూనె కలిసే ఒడ్డు నీళ్లు నేను చచ్చినా పొయ్యను. ఆర్ఓ నీళ్లలో రీఫ్ సాల్ట్ కలుపుకుంటాను, పంపు నీళ్ల చుక్క కూడా పడనివ్వను. ఇంత చేసినవాడి ట్యాంక్‌లోకి విషం వేలెడంత ఇత్తడి ముక్కలోంచి వచ్చింది. దాన్ని లాగేయడానికి ఏడాదిన్నరగా వాడుతున్న క్యూప్రిసోర్బ్ అనే రెసిన్ కథ ఇది.

ఏప్రిల్ చివర్లో చిల్లర్ (నీళ్లను చల్లబరిచే మిషన్) ఆగిపోయింది. ఎండలు మండిపోతున్నాయి, నీళ్లు 31 డిగ్రీలు దాటాయి. నాకు ఒకటే టెన్షన్. తెలిసిన ఏసీ మెకానిక్‌ను పిలిస్తే గంటలో బాగుచేశాడు. విరిగిన ప్లాస్టిక్ నిపుల్ (పైపును బిగించే ముక్క) స్థానంలో తన సంచిలోంచి ఒక ఇత్తడి నిపుల్ తీసి బిగించాడు. "ఇది జన్మలో విరగదు సార్" అన్నాడు. అది మాత్రం నిజమే.

పన్నెండు రోజుల తర్వాత నత్తలు అద్దం మీంచి రాలిపడ్డాయి. వెల్లకిలా పడి కాలు సగం బయట పెట్టుకుని, మళ్లీ తిరగలేక అలాగే ఉండిపోయాయి. మర్నాడు క్లీనర్ రొయ్యలు రెండూ పోయాయి. క్లౌన్ చేపలు మాత్రం ఏమీ పట్టనట్టు తిండి కోసం ఎగబడుతున్నాయి. అమ్మోనియా సున్నా, ఉప్పునీటి సాంద్రత 1.025, పీహెచ్ మామూలే. దోమల మందు మీద అనుమానం వచ్చి మా ఆవిడతో గొడవ కూడా పడ్డాను. ఆ మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

చేపలు బాగుండి నత్తలూ రొయ్యలూ మాత్రమే పోతుంటే ముందు అనుమానించాల్సింది రాగినే. తెల్లమచ్చల జబ్బుకు చేపలకు వేసే మందు కూడా రాగే. లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు ఉన్నా చాలా చేపలు తట్టుకుంటాయి. రొయ్యలకు అందులో కొంచెం చాలు. విచిత్రమేమిటంటే వాటి రక్తంలో ప్రాణవాయువును మోసేది కూడా రాగే. దాన్నే కాస్త ఎక్కువ పోస్తే చచ్చిపోతాయి.

చిల్లర్ పైపు విప్పి చూస్తే నిపుల్ లోపలంతా నెమలికంఠం రంగు. వేలు పెడితే పొడిపొడిగా రాలింది. మా అమ్మ చేతిలోకి తీసుకుని ఒక్క చూపు చూసి, "కళాయి లేని ఇత్తడిలో ఉప్పునీళ్లు తిప్పితే చిలుము పట్టదేట్రా?" అంది. మూడు రోజులు ఇంటర్నెట్‌లో నేను వెతికినదానికి జవాబు అదే. ఇత్తడిలో ఎక్కువ భాగం రాగే కదా.

నిపుల్ తీసేసి పీవీసీది పెట్టాను. నీళ్లలో రాగిని కొలిచే నా మీటరు, హన్నా కాపర్ చెకర్, లీటరుకు 0.11 మిల్లీగ్రాములు చూపించింది. వెంటనే చేసింది నీళ్లు మార్చడం, వారంలో మూడుసార్లు, 30 శాతం చొప్పున. లెక్క వేసుకుంటే ఇది అంత గొప్ప వైద్యమేమీ కాదు. మూడుసార్లు మార్చాక కూడా పాత నీళ్లలో మూడో వంతు అలాగే ఉంటుంది, ఒక్కో విడతకు మూడు కిలోల పైన ఉప్పు ఖర్చు. తర్వాత అందరూ చెప్పే కార్బన్ (నీళ్లు శుద్ధిచేసే బొగ్గు). నాలుగు రోజులకోసారి మార్చినా రెండు వారాల్లో మీటరు పెద్దగా కదల్లేదు. పురుగుల మందుకో పెయింట్ వాసనకో నేనిప్పటికీ ముందు కార్బనే వేస్తాను. రాగి విషయంలో మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి.

జూన్ మొదట్లో సీకెమ్ వాళ్ల క్యూప్రిసోర్బ్ తెప్పించాను. ఆవగింజల కన్నా చిన్న పూసలు. రాగి లాంటి లోహాలను పట్టి ఉంచుకునే రెసిన్ అది. మామూలు ఫిల్టర్ సంచిలో పోస్తే సగం సంప్ పాలవుతాయి, నాకు అదే జరిగింది, పంపులోంచి పూసలు ఏరుకుంటూ ఒక ఆదివారం గడిచింది. నేత బాగా సన్నగా ఉన్న సంచి తప్పనిసరి. సంచి ఊరికే నీళ్లలో పడి ఉంటే లాభం లేదు, నీళ్లు దాని మధ్యలోంచి పోవాలి. నేను సంప్‌లో, నీళ్లను ట్యాంక్‌లోకి తిరిగి పంపే రిటర్న్ పంప్ ముందున్న అరలో ఇరికించాను. వారానికోసారి పిండి కడగకపోతే జిగురు పట్టి నీళ్లు పక్కనుంచి జారిపోతాయి.

మొదటి పది రోజుల్లోనే పూసలు నీలం తిరిగాయి. జూలై మొదటివారానికి మీటరు 0.00. నేను ఎగిరి గంతేసి ఒక చిన్న నత్తను తెచ్చి, జాలీ బుట్టలో పెట్టి ట్యాంక్‌లో వేలాడదీశాను. మూడో రోజుకు పోయింది.

నేను మోసపోయింది ఇక్కడే. ఆ మీటరు చేపలకు మందు వేసేవాళ్లకు సరిపోతుంది. 0.05 అటూ ఇటూ తేడా రావచ్చని దానితో వచ్చిన కాగితంలోనే ఉంది. దాని సున్నా రొయ్యకు సున్నా కాదు. రెండోది, రాగి అంతా నీళ్లలోనే ఉండదు. అరగొనైట్ (సున్నపు) ఇసుక, సిమెంటు కలిపి చేసిన రాళ్లు దాన్ని పీల్చుకుంటాయి, తర్వాత మెల్లగా వదులుతాయి. (పగడపు రాయి నా దగ్గర లేదు. గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్‌లో ఉన్నాయి, ఎవరైనా అమ్ముతామన్నా కొనకండి.) ఆగస్టులో సైఫన్‌తో ఇసుక కడిగిన మర్నాడు మీటరు మళ్లీ 0.06 చూపించింది.

ఇసుకను వారానికి పావు వంతు చొప్పున నెల రోజుల్లో మొత్తం తీసేశాను. ఒకేసారి తీస్తే అందులోని బ్యాక్టీరియా పోయి అమ్మోనియా పెరుగుతుందని భయం. మళ్లీ ఇలాంటిది జరిగితే రెసిన్ కొనకముందే ఇసుక తీయడం మొదలుపెడతాను. అద్దాల మధ్య సిలికాన్ కూడా రాగిని పట్టుకుంటుందని, ట్యాంకే పారెయ్యమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. పారెయ్యలేదు, దానివల్ల ఇబ్బందేమీ కనబడలేదు.

రాళ్లు మాత్రం మార్చలేదు. వాటిలోది లాగడానికే రెసిన్‌ను నెలల తరబడి ఉంచాను. ఓపికగా వదిలేస్తే పేరుకున్న రాగిని కూడా లాగుతుందని సీకెమ్ చెప్పే మాట నా ట్యాంక్ వరకు నిజమే అయింది. కానీ దానికి వారాలు కాదు, నెలలు పట్టింది. మధ్యలో డాలస్ నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకు సూట్‌కేసులో పాలీ-ఫిల్టర్ షీట్లు తెచ్చాడు. రాగి తగిలితే నీలమయ్యే తెల్లటి మెత్త అది. ఇక్కడ సులువుగా దొరకదు, ధర కూడా ఎక్కువే. ఆగస్టులో పెట్టిన ముక్క ఐదు రోజుల్లో రాబిన్ బ్లూ ముంచిన చొక్కాలా తయారైంది. అక్టోబరులో పెట్టింది అంచుల్లో మాత్రం లేతగా మారింది. నా మీటరు కన్నా ఈ ముక్కే నాకు ఎక్కువ చెప్పింది.

క్యూప్రిసోర్బ్ మీద ఫిర్యాదులు లేకపోలేదు. రాగితోపాటు ఇతర లోహాలనూ లాగేస్తుంది. నా ట్యాంక్‌లో పెంచే పచ్చనాచు రెండు నెలలు పాలిపోయి ఉంది. పూసలు నీలం నలుపుకు తిరిగితే నిండిపోయినట్టు, యాసిడ్‌లో శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చంటారు. బాత్‌రూమ్‌లో యాసిడ్ సీసా పట్టుకుని కాసేపు నిలబడ్డాను. తర్వాత సీసా పెట్టేసి కొత్త డబ్బా ఆర్డర్ చేశాను. మొత్తం మూడు డబ్బాలు పట్టాయి, ఖరీదు తక్కువేమీ కాదు. ఐదుకు నాలుగు ఇస్తాను.

నవంబరులో పెట్టిన రెండో నత్త బతికింది. జనవరిలో ఒక రొయ్యను తెచ్చి, బొట్టుబొట్టుగా మూడు గంటలపాటు నీళ్లు కలిపి వదిలాను. ఆ రాత్రి రెండుసార్లు లేచి టార్చి వేసి చూశాను. పంతొమ్మిదో రోజు పొద్దున రాయి పక్కన తెల్లగా, పారదర్శకంగా మీసాలతో సహా ఒక రొయ్య పడి ఉంది. గుండె ఆగినంత పనయింది. గరిటెతో తీస్తే ఖాళీ డొల్ల. కుబుసం విడిచింది! అసలుది రాయి వెనక దాక్కుంది.

ఇప్పుడు డిసెంబరు. రొయ్యలు మూడు, నత్తలు తొమ్మిది. పిడికెడు రెసిన్ ఇంకా సంప్‌లోనే ఉంచాను, పోయిన నెల మార్చినప్పుడు పాత పూసలు గోధుమరంగులోనే ఉన్నాయి. ఆ నిపుల్‌ను మా అమ్మ చింతపండుతో తోమి కిటికీలో పెట్టింది. బంగారంలా మెరుస్తోంది, దరిద్రం.