ఊరూరా తిరగడమా, ఒకే ఊళ్లో ఉండడమా: విదేశీ సేవకు వెళ్లే పెద్ద వయసు దంపతులకు ఏది మేలు?

ఉద్యోగ విరమణ అయ్యాక భార్యాభర్తలు కలిసి విదేశాలకు క్రైస్తవ సేవకు వెళ్లాలనుకుంటున్నామని చెప్పి సలహా అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. గుంటూరు బ్రాడీపేటలో గానీ విజయవాడ పటమటలో గానీ ఆరాధన ముగిసి బయటికి రాగానే ఎవరో ఒకరు ఆపి, "అయ్యగారూ, పిలిచిన సంఘాలన్నీ తిరిగి రావడం మేలా, ఒక్కచోటే ఏడాదో రెండేళ్లో ఉండిపోవడం మేలా?" అని అడుగుతుంటారు. మేము రెండు విధాలుగానూ వెళ్లి వచ్చాం. మళ్లీ వెళ్లే అవకాశం వచ్చినప్పుడు ఒకే ఊళ్లో ఉండే పద్ధతికే ఒప్పుకున్నాం. ఎందుకు ఒప్పుకున్నామో వివరంగా చెబితే, అడిగేవారు తమ పరిస్థితికి తగినట్టు తేల్చుకోగలరు.

ముందు తిరిగే పద్ధతి సంగతి చూద్దాం. మన ప్రాంతం నుంచి వెళ్లేవారిలో ఎక్కువమందికి తెలిసినది ఇదే. అమెరికాలోని తెలుగు క్రైస్తవ సంఘాలు పిలుస్తాయి, పని మీద కొద్దికాలానికి వచ్చేవారికిచ్చే బి-1 వీసా మీద వెళతారు. ఏ ఒక్క సంఘంలోనూ కొలువు తీసుకోకుండా, కూటాల్లో వచ్చే కానుకల మీదే ఆధారపడి సువార్త పర్యటన చేసే బోధకులకు ఆ వీసా నియమాల్లోనే చోటుంది; అక్కడి నుంచి జీతం మాత్రం తీసుకోకూడదు. ఈ పద్ధతిలో మేలు లేదని నేను అనను. తక్కువ కాలంలో ఎక్కువమందిని కలుస్తాం, మాతృభాషలో వాక్యం చెబుతాం, పుట్టి పెరిగిన ఊరి మాట వినడానికి మొహం వాచిపోయిన కుటుంబాలు మనల్ని నెత్తిన పెట్టుకుంటాయి. ఒంట్లో బాగుండకపోతే తర్వాతి కూటాలు మానుకుని ఇంటికి వచ్చేయవచ్చు.

అయితే అరవై అయిదు దాటినవారికి ఆ తిరుగుడు ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉండాలి. నాలుగు రోజులకొకసారి మంచం మారుతుంది, గది మారుతుంది, స్నానాల గదిలో వేడినీళ్ల కుళాయి ఎటు తిప్పాలో మళ్లీ కొత్తగా తెలుసుకోవాలి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళితే గడియారం కూడా మారుతుంది కనుక బీపీ మాత్ర, షుగరు మాత్ర వేసుకునే వేళలు తారుమారవుతాయి. ఆతిథ్యం ఇచ్చేవారు ప్రేమతో రాత్రి పదకొండింటికి బిర్యానీ వడ్డిస్తే కాదనలేం. ఇవన్నీ ఓర్చుకోగలిగినవే. నన్ను ఆలోచనలో పడేసినది ఇంకొకటి.

పర్యటనలో పని అంతా భర్తదే. పిలుపు ఆయన పేరు మీద వస్తుంది, కరపత్రం మీద ఫొటో ఆయనది, వాక్యం చెప్పేది ఆయన. "అమ్మగారు రెండు మాటలు సాక్ష్యం చెబుతారు" అని చివరి అయిదు నిమిషాలు ఆమెకు ఇస్తారు. తర్వాత ఆమె వంటింట్లో గృహిణికి సాయం పడుతుంది, లేకపోతే హాల్లో ఒక సోఫాలో కూర్చుని ఉంటుంది. నా భార్య ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఆదివారపు బడి పిల్లలు ఎదురుగా ఉంటే గంటల తరబడి అలసట ఎరగదు. అటువంటి మనిషి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నా సామానుతో పాటు ప్రయాణం చేయడం నేను కళ్లారా చూశాను. అందుకే దంపతులు కలిసి వెళ్లే సేవలో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది ఇద్దరికీ పని ఉందా లేదా అన్నదేనని నా గట్టి నమ్మకం. డబ్బు, వీసా, వాతావరణం వంటివి దాని తర్వాతే.

ఒకే ఊళ్లో ఉండే పద్ధతిలో ఆ పని దానంతట అదే పుడుతుంది, ఎందుకంటే అక్కడ మనకంటూ ఒక ఇల్లు ఉంటుంది. మేము ఇంగ్లాండు ఉత్తరాన ఒక చిన్న పట్టణంలో ఉన్నాం. సంఘం వారు రెండు గదుల ఫ్లాట్ ఇచ్చారు. ఆ సంఘస్థుల్లో ఎక్కువమంది మా కంటే పెద్దవారు, ఒంటరిగా బతుకుతున్నవారు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది. ఆ తర్వాత తెల్లవారేదాకా వారిని పలకరించే మనిషి ఉండడు. మా పని చాలావరకు ఆ ఇళ్లకు వెళ్లి కూర్చోవడం, మందుల చీటీ తీసుకుని మందుల షాపుకు వెళ్లి రావడం, ఒక కీర్తన చదివి ప్రార్థన చేసి రావడం. ఈ పనికి ప్రసంగం చేసే శక్తి అక్కర్లేదు. నిజం చెప్పాలంటే నా భార్య నా కంటే బాగా చేసింది; మొదటి నెల గడిచేసరికి ఫోన్లు ఆమెకే రావడం మొదలైంది.

తర్వాత వాళ్లు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. కరెంటు పొయ్యి మీద పప్పుకు తాలింపు వేస్తే, ఎండుమిరపకాయల పొగకు పైకప్పున ఉన్న పొగ అలారం మోగేది. కిటికీ తెరిచి, తువ్వాలు విసిరి దాన్ని ఆపేవాళ్లం. ఆ మోత విని పక్క ఫ్లాటు ఆవిడ తలుపు తట్టింది. లోపలికి పిలిచి పప్పూ అన్నం పెడితే, భర్త పోయాక ఇంకొకరి ఇంట్లో కూర్చుని భోంచేయడం ఇదే మొదలని చెప్పింది. ఆ తర్వాత గురువారం సాయంత్రాలు మా ఇంట్లో ఆమెతో పాటు మరికొందరు కూర్చునేవారు. ఇతరుల ఇళ్లలో అతిథులుగా ఉన్నంతకాలం ఇటువంటిది జరగదు. అతిథికి వడ్డిస్తారే గాని, అతిథి మరొకరిని భోజనానికి పిలవలేడు కదా.

పెద్ద వయసు దంపతులను విదేశాలకు పంపడానికి పక్కా ఏర్పాటున్న లేటర్ డే సెయింట్స్ (మోర్మన్) సంఘం కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది. వారి బోధకూ మన బోధకూ ఉన్న భేదాలు నాకు తెలుసు, వాటిని చిన్నవిగా చూడను. ఏర్పాటు మాత్రం చూసి నేర్చుకోదగినది. ఆరు నెలలు, ఏడాది, ఏడాదిన్నర, 23 నెలలు అని గడువులుంటాయి, ఖర్చు దంపతులే పెట్టుకుంటారు, కుర్ర మిషనరీల దినచర్య వారికి పెట్టరు. ఒక చోట కాపురం పెట్టుకుని, కార్యాలయం పనో, సహాయ కార్యక్రమాలో, స్థానిక సంఘస్థుల్ని కనిపెట్టుకుని ఉండడమో చేస్తారు.

ఆరోగ్యం విషయంలోనూ ఒకే చోట ఉండడమే మేలనిపిస్తుంది, కనీసం బ్రిటన్ వరకు. మత సేవకులకిచ్చే రిలిజియస్ వర్కర్ వీసా మీద రెండేళ్ల దాకా ఉండవచ్చు, జీవిత భాగస్వామిని వెంట తీసుకువెళ్లవచ్చు, పిలిచే సంఘానికి స్పాన్సర్ లైసెన్సు (బయటి దేశాల వారిని రప్పించుకోవడానికి ప్రభుత్వ అనుమతి) ఉండాలి. ఆరు నెలలకు మించిన వీసాకు మనిషికి ఏడాదికి 1,035 పౌండ్ల ఆరోగ్య రుసుము ముందే కట్టాలి. పెద్ద మొత్తమే, కానీ అది కట్టాక అక్కడి ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) వైద్యం పాత జబ్బులతో సహా అందుతుంది, ఇంగ్లాండులో అరవై దాటినవారికి డాక్టరు రాసిన మందులు ఉచితం. సందర్శకులుగా వెళితే అదే ఆసుపత్రి ఖర్చు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తుంది. అమెరికా పర్యటనలో అయితే ప్రయాణ బీమాయే దిక్కు. పాత బీపీ, షుగరు, గుండె జబ్బుల దగ్గరికి వచ్చేసరికి ఆ బీమా పత్రంలోని చిన్న అక్షరాలు ఒకటికి నాలుగుసార్లు చదవాలి. ప్రయాణాలు చేయాలన్న కోరిక కూడా ఇక్కడ తీరుతుంది. అరవై దాటిన వారెవరైనా కొనుక్కోదగిన సీనియర్ రైల్‌కార్డుతో టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది. సెలవు రోజున పొద్దున వెళ్లి సాయంత్రానికి సొంత మంచం మీదికి చేరవచ్చు.

ఒకే చోట ఉండడంలో కష్టం లేదని కాదు, అది ఇక్కడ గుంటూరులో ఉంటుంది. దగ్గరి బంధువు పోయాడని ఫోను వస్తే శంషాబాదు చేరి అక్కడి నుంచి ఇల్లు చేరేసరికి సమాధి కార్యక్రమం అయిపోయి ఉంటుంది. మనవరాలి పెళ్లిచూపులు వీడియోలో చూడాలి. తాళం వేసిన ఇంటికి వానాకాలంలో చెమ్మ పడుతుంది, నమ్మకమైనవారికి తాళంచెవులు ఇచ్చి వెళ్లాలి. బ్యాంకు ఓటీపీలు మన సిమ్‌కే వస్తాయి కనుక రోమింగు ఆపించకూడదు. పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్‌ను విదేశంలోని భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరింపజేసుకోవచ్చు గాని, ఆ గడువు తేదీ గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకోవాలి. కన్నతల్లో తండ్రో ఇంకా బతికి ఉండి మీ మీద ఆధారపడి ఉంటే రెండేళ్ల సేవకు వెళ్లవద్దనే చెబుతాను. అటువంటివారికి చిన్న పర్యటనే తగినది.

ఉండిపోయేవారి విలువ ఏమిటో గుంటూరు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, ఎందుకంటే ఆ సేవను అందుకున్నది మన పెద్దలే. అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో ఇక్కడికి వచ్చారు. ఆమె పేరుతో ఈనాటికీ మనం పిలుచుకునే ఆసుపత్రి తెరిచింది 1898లో. మధ్యలో ఉన్న పదిహేనేళ్లలో ఎక్కువ భాగం ఆడవాళ్లకు వైద్యం చేస్తూ, వారి నమ్మకం సంపాదించిన కాలం. ఆమె 1930లో ఇక్కడే కన్నుమూశారు. వయసు అడ్డమనుకునేవారు లూథరన్ మిషనరీ హయ్యర్ గారిని తలుచుకోవచ్చు. 1842లో గుంటూరులో అడుగుపెట్టిన ఆయన, 1869లో 76 ఏళ్ల వయసులో మళ్లీ సముద్రం దాటి రాజమండ్రి సేవకు వచ్చారు. వచ్చి నాలుగు ప్రసంగాలు చేసి వెళ్లిన వారి పేర్లు మన సంఘ పుస్తకాల్లో వెతికితే దొరుకుతాయేమో; ఇళ్లలో చెప్పుకునేది మాత్రం ఉండిపోయిన వారి పేర్లే.

మిగతా మార్గాల గురించి క్లుప్తంగా చెబుతాను. పిల్లల దగ్గరికి సందర్శక వీసా మీద వెళ్లి, అక్కడి సంఘంలో చేతనైన సాయం చేయడం మంచిదే, కానీ మనవల్ని బడికి పంపడం, తీసుకురావడంలోనే ఆరు నెలలు గడిచిపోతాయి. దాన్ని కుటుంబ సేవ అనుకుని సంతోషంగా చేయాలి. కువైట్ వంటి గల్ఫ్ దేశాల్లో ఇళ్లలో పనిచేసే మన గోదావరి, కడప జిల్లాల అక్కచెల్లెళ్ల మధ్య సేవ ఎంతో అవసరం. కువైట్‌లో సెలవు శుక్ర, శనివారాలు కనుక ఆరాధనకు ఎక్కువమంది వచ్చేది శుక్రవారమే, అదీ అనుమతి ఉన్న ఆవరణల్లోనే. ముస్లింలకు బోధించడం చట్టవిరుద్ధమని మరవకూడదు. ఆఫ్రికా దేశాలకు వెళ్లాలనుకునేవారు యెల్లో ఫీవర్ టీకా గురించి ముందే డాక్టరుతో మాట్లాడాలి. అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవారిలో అరుదుగానైనా తీవ్రమైన దుష్ఫలితాల ప్రమాదం ఎక్కువ. రెండు వారాల బృంద యాత్రలు యువకులకు వదిలేయడమే మంచిది.

ఒకే ఊరి సేవకు ఒప్పుకునే ముందు పిలిచేవారికి ఉత్తరం రాసి, వంటిల్లు వేరుగా ఉన్న నివాసం ఇస్తారా, అమ్మగారికి ఏ పని అనుకుంటున్నారు అన్న రెండు సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోండి. రెండో ప్రశ్నకు "అయ్యగారికి తోడుగా ఉంటారు" అని జవాబు వస్తే మళ్లీ రాయండి. బ్రిటన్‌కు అయితే క్షయ పరీక్ష వారు ఆమోదించిన క్లినిక్‌లోనే చేయించాలి, అందుకు మనం హైదరాబాదు వెళ్లాలి. ఆ సర్టిఫికెట్టు ఆరు నెలలే చెల్లుతుంది కనుక, స్పాన్సర్ కాగితం చేతికి వచ్చే దాకా ఆ పరీక్షకు తొందరపడవద్దు.