సుండ్‌బోర్న్‌లో బొమ్మల ఇల్లు, ఫాలున్‌లో దుప్పటి బిల్లు

స్వీడన్‌లోని ఫాలున్‌లో రూమ్ చవగ్గా దొరికిందని సంబరపడకండి. మేం పడ్డాం. ముగ్గురికీ రాత్రికి 1,090 క్రోనర్లని బుక్ చేసి, తీరా తలుపు తీస్తే మంచాల మీద ఉత్త పరుపులు! దుప్పటి, దిండు గలీబు, టవల్ కలిపి మనిషికి 110 అట. వెళ్ళేటప్పుడు క్లీనింగ్‌కి ఇంకో 300. "బుకింగ్‌లో రాశాం కదా" అన్నాడు యజమాని. నిజమే, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాశాడు. అంతా కలిపితే 1,720. మా ఆయన రూపాయల్లోకి మార్చుకుంటున్నట్టు మొహంలోనే తెలిసిపోయింది.

"ఊడవడానికి మూడొందలెందుకురా, చీపురెక్కడుందో అడుగు" అన్నారు మా అత్తగారు. పొద్దున్నే ఊడ్చి, తడిగుడ్డ కూడా పెట్టేశారు. ఆ మహానుభావుడు వచ్చి, మంచం కిందికి వంగి, వేలితో దుమ్ము చూసుకుని మరీ 300 వదులుకున్నాడు.

స్టాక్‌హోమ్ నుంచి ఇంత దూరం రావడానికి కారణం ఒక క్యాలెండర్. మా ఆఫీసులో ఒకావిడ డెస్క్ మీద ఉండేది. పెద్ద బర్చ్ చెట్టు, కింద పొడుగాటి బల్ల, దాని చుట్టూ పిల్లాపాపలతో టిఫిన్ తింటున్న కుటుంబం, పక్కన కుక్క. స్వీడిష్ చిత్రకారుడు కార్ల్ లార్సన్ 1896లో నీటిరంగులతో వేసుకున్న సొంత సంసారం అది.

ఆయన ఇల్లున్న ఊరు సుండ్‌బోర్న్, ఫాలున్ నుంచి దాదాపు 13 కి.మీ. ఆదివారం బస్సులు తక్కువ, గంట నిలబడ్డాం. అత్తగారు అలిగారు. ఏటి ఒడ్డున ఎర్రటి చెక్క ఇల్లు కనిపించాక ఆ అలక పోయింది. తలుపు మీద స్వాగతం రాసి ఉంది: రావమ్మా, ఇది కార్ల్ లార్సన్, ఆయన భార్య ఉండే ఇల్లు అని. ముందు రాత్రి మాకు దొరికిన మర్యాద గుర్తొచ్చి ముగ్గురం నవ్వుకున్నాం.

లోపలికి గైడ్‌తోనే వెళ్ళాలి. ఫోటోలు తియ్యనివ్వరు. మొదట విసుగొచ్చింది గానీ, ఫోన్ బ్యాగ్‌లో ఉంటేనే కళ్ళు పనిచేస్తాయి ఆ ఇంట్లో. భోజనాల గది అంతా ఎరుపూ ఆకుపచ్చా. తలుపుల మీద కూడా ఇంట్లోవాళ్ళ బొమ్మలే. నేతంతా భార్య కారిన్‌ది. ఆవిడా చిత్రకారిణే, ఫ్రాన్స్‌లో పరిచయమై 1883లో పెళ్ళి చేసుకున్నారు. 1888లో ఈ ఇల్లు ఆవిడ తండ్రి ఇచ్చారని గైడ్ చెప్తే నేను అనువాదం చేశాను. "చూశావా, మామగారు ఇల్లిచ్చారు" అని అత్తగారు మా ఆయనతో అన్నారు. నాకు వినపడేట్టే!

1894 వేసవిలో ముసురు పట్టి బయట బొమ్మలు వేసే వీల్లేక కార్ల్ చిరాకు పడుతుంటే, ఇంట్లో గదులే వెయ్యమని కారిన్ సలహా ఇచ్చిందట. అలా మొదలైన బొమ్మలే 1899లో 'ఎట్ హెమ్' అనే పుస్తకమయ్యాయి. ఇల్లు అని అర్థం. వాటిల్లో ఒకటి మా అత్తగారికి తెగ నచ్చింది. భోజనం దగ్గర అల్లరి చేశాడని కొడుకు పాంటస్‌ని పంపించేస్తే, గది మూల కుర్చీలో కూర్చున్నాడు. "మా బళ్ళో గోడకుర్చీ వేయించేవాళ్ళు. వీడికి నిజం కుర్చీయే ఇచ్చారు, అదృష్టవంతుడు" అన్నారు. ఆ మూల ఆ గదిలో ఇప్పటికీ ఉంది. మేం నిలబడి చూశాం.

అసలు నిరాశ ఏంటంటే, ఆ పుస్తకం బొమ్మల ఒరిజినల్స్ ఈ ఇంట్లో ఉండవు. స్టాక్‌హోమ్ నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి, అంటే మా ఇంటి నుంచి మెట్రోలో అరగంట! పోనీ అక్కడికెళ్ళి చూద్దామా అంటే నీటిరంగులు వెలుతురికి వెలిసిపోతాయి కాబట్టి ఎప్పుడూ గోడకి తగిలించి ఉంచరు. ఫలానా బొమ్మ ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి. నేను కనుక్కోకుండా మా ఆయన్ని లాక్కెళ్ళి తిట్లు తిన్నాను.

అయినా ఆ ఇల్లు చూడ్డానికి సుండ్‌బోర్న్ వెళ్ళాల్సిందే. వేసవిలో వెళ్ళండి, ఇంగ్లీష్ టూర్ టైమ్ ముందే చూసుకోండి, ఆదివారం మాత్రం వద్దు. రాత్రి ఉండేట్టయితే దుప్పట్లు, టవళ్ళు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. చీపురు వాళ్ళే ఇస్తారు.