పలమనేరులో 3,600 రూపాయల జీపు, ఒక ముద్ద సంగటి

నవంబరు చివర్లో ఒక శనివారం తిరుపతి నుంచి కారులో పలమనేరు వైపు వెళ్ళాం. నేను, మా ఆవిడ, పదో తరగతి చదివే మావాడు, మా అత్తగారు. దారిలో మొగిలీశ్వరుడి దర్శనం, మధ్యాహ్నం కైగల్ జలపాతం. నీళ్ళు బాగున్నాయి. రాళ్ళు జారుతున్నాయి కాబట్టి పెద్దవాళ్ళను కిందికి దింపకండి.

అసలు సంగతి బస దగ్గర మొదలైంది. అడవి అంచున ఉన్న ఆ బస వాళ్ళు ఫోనులో గదికి 2,200 అన్నారు. తీరా వెళ్ళాక శని, ఆదివారాల రేటంటూ 2,900 చొప్పున రెండు గదులకు వసూలు చేశారు. వేడినీళ్ళు లేవు. రాత్రి పది దాకా పాటల హోరు. అత్తగారు చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నారు. భోజనం కాగానే మేనేజరు వచ్చి "ఏనుగులు చూపిస్తాం సార్, మనిషికి 1,200" అన్నాడు. మావాడు ఊరుకోలేదు. ముగ్గురికీ కలిపి 3,600 ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

జీపు మట్టిదారిలో పొలాల మధ్యకు పోయింది. ఒక రాగిచేను పక్కన ఆపి, డ్రైవరు పెద్ద లైటు వేసి హారన్ కొట్టాడు. చేను అవతల గట్టు మీద ఒక తల్లి ఏనుగు, దాని కాళ్ళ మధ్య పిల్ల. పిల్ల బెదిరి తల్లి పొట్ట కిందికి దూరింది. అంతలో మంచె మీదనుంచి ఒక ఆడమనిషి గొంతు: "లైటార్పండ్రా! బిడ్డతల్లి ఉండాది, కనబళ్ళేదా?" డ్రైవరు గొణుక్కుంటూ జీపు వెనక్కి తిప్పాడు. మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

పొద్దున్నే గదులు ఖాళీ చేసి, క్షమించమని అడగడానికి ఆ చేను వెతుక్కుంటూ వెళ్ళాం. మంచె మీదనుంచి కేకేసిన ఆవిడకు అరవై ఏళ్ళుంటాయి. కోపం ఇంకా తగ్గలేదు, అయినా కూర్చోమంది. వేడి రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి (వేరుశెనగ పచ్చడి), మీద నెయ్యి. ఈ యాత్రలో మేం తిన్న మంచి భోజనం అదొక్కటే.

రాత్రి ఆ తల్లీపిల్లా చేను ఒక మూల తొక్కేశాయి. అయినా డప్పు కొట్టలేదట. "పెద్దవైతే టపాకాయలు కాల్చి తరుముతాం. పిల్ల ఉంటే బెదిరి యాడన్నా గుంతలో పడుతుంది నాయనా. తిని పోనీలే అనుకున్నా" అంది. పోయినేడు రెండెకరాలు పోయిందని చెబుతున్నప్పుడు మాత్రం గొంతు బిగిసింది. "ఏడ్చినా. తిట్టినా. అట్లని అవి చచ్చిపోవాలని యాడ అనుకుంటాం?"

ఆమె కాపురానికొచ్చినప్పుడు ఈ చుట్టుపక్కల ఏనుగులే లేవు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చి ఇక్కడ నిలిచిపోయాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం 350 చదరపు కిలోమీటర్లకు పైనే ఉన్నా అడవి పొడుగ్గా, సన్నగా, ఊళ్ళను ఆనుకుని ఉంటుంది. పెద్ద ఏనుగుకు రోజుకు దాదాపు 150 కిలోల మేత కావాలి. అంత మేత కోసం అవి చేలల్లోకి దిగుతాయి. వాటి దాడుల్లో రైతులు పోయారు, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ పోయాయి.

పక్క ఊళ్ళో అలా ఒక ఏనుగు చనిపోయినప్పుడు ఆవిడ పసుపు, కుంకుమ, చీర తీసుకుని వెళ్ళింది. "చెరుకంతా పోగొట్టుకున్నాయన గూడా టెంకాయ కొట్టి ఏడ్చినాడు" అంది.

మా ఆవిడ అడిగింది, జనం చూడ్డానికొస్తే మీకేమైనా ఆదాయం ఉంటుందా అని. ఆవిడ కాస్త నొచ్చుకుంది. "ఆదాయమేంది మా? గణపయ్యని చూపించి దుడ్లు తీసుకునేదా? వాటికీ కడుపుండాది, మాకూ ఉండాది. అవి లేకపోతే ఈ కొండలు బోసిపోతాయి." ఆ మాట విన్నాక ముందురాత్రి నా జేబులోంచి తీసిచ్చిన డబ్బు గుర్తొచ్చి చాలా సిగ్గేసింది.

మీరు వెళ్ళేటట్టయితే పలమనేరు టౌనులోనే ఉండండి. రాత్రి ఏనుగులు చూపిస్తామన్నవాళ్ళకు పైసా ఇవ్వకండి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళడం నేరం. అడవి బయట చేల మధ్య జీపు తిప్పినా బెదిరేది ఆ పిల్ల ఏనుగే, ఆ తర్వాత నష్టపోయేది మంచె మీదున్న మనిషే.

భోజనానికి 500 ఇవ్వబోతే ఆవిడ పుచ్చుకోలేదు. కిలో 45 చొప్పున పది కిలోల రాగులు కొన్నాం, ఆ 450 మాత్రం తీసుకుంది. అత్తగారు మోకాళ్ళ నొప్పితోనే గట్టు దాకా నడిచారు. తడిమట్టిలో పెద్ద అడుగు పక్కనే పిల్ల అడుగు. చిటికెడు మట్టి తీసి కళ్ళకద్దుకున్నారు. మావాడు ఫోను తీయలేదు, ఆవిడ పక్కన గొంతుక్కూర్చుని ఏ వేలు ఎటుందో చూపించమని అడుగుతున్నాడు.